చెరువు కట్ట దగ్గర మొదలుపెట్టు

హైదరాబాద్

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన అరవై పేజీలూ చదివాను. ఒకసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. కళ్ళు మునుపటిలా లేవు. ఇంకో మాట, ఈ 'సార్' ఏమిటి? మీ నాన్నతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాణ్ణి. మామయ్యా అను చాలు.

మాలిక్ అంబర్ మీద నవల రాయాలనుకోవడం బాగుంది. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, చివరికి దక్కన్‌లోని అహ్మద్‌నగర్ రాజ్యాన్ని పాతికేళ్ళు మొఘలుల నోటికి అందకుండా కాపాడినవాడు. కానీ నీ మొదటి అధ్యాయంలో ఆయన ఎక్కడ? తుర్కుల ఆటోమన్లు, ఇరాన్‌ని ఏలిన సఫావిద్‌లు, మొఘలులు, పోర్చుగీసులు, ఎవరి హద్దు ఎందాకా, ఎవరి ఫిరంగులు ఎన్ని... తొమ్మిది పేజీలు. గ్రూప్స్ పరీక్షకి రాసుకున్న నోట్సులా ఉంది. ఆ తొమ్మిదీ తీసెయ్. ప్రాణం ఒప్పదు, తెలుసు. నెలల తరబడి లైబ్రరీలో కూర్చుని సంపాదించిందంతా పాఠకుడి విస్తట్లో కుమ్మరించాలనిపిస్తుంది.

నిజానికి ఆ సామ్రాజ్యాలన్నీ ఆ పిల్లవాడు నడిచిన దారిలోనే ఉన్నాయి. సుమారు 1548లో పుట్టాడు. అసలు పేరు చాపు అంటారు. అంతకు ఐదేళ్ళ ముందే, 1543లో, ఇథియోపియాలో పద్నాలుగేళ్ళ యుద్ధం ముగిసింది. ఒక పక్కకి ఆటోమన్ తుపాకులు వచ్చాయి, రెండో పక్కకి పోర్చుగీసు తుపాకులు. ఆ పోర్చుగీసు దండును తీసుకొచ్చింది వాస్కో డ గామా కొడుకు. యుద్ధం ఆగింది కానీ పిల్లల్ని పట్టి అమ్మడం ఆగలేదు. వీణ్ణి ఎర్రసముద్రం దాటించి యెమెన్‌లోని మోఖా చేర్చారు, అది అప్పటికి ఆటోమన్ల చేతిలోని రేవు. అక్కణ్ణుంచి బాగ్దాద్. అదీ వాళ్ళదే, 1534లో సఫావిద్‌ల దగ్గర లాక్కున్నది. అక్కడి యజమాని చదువు చెప్పించి అంబర్ అని పేరు పెట్టాడు. ఆ తరువాత దక్కన్‌లో అహ్మద్‌నగర్ పేష్వా, అంటే ప్రధానమంత్రి, చంగీజ్ ఖాన్ కొన్నాడు. కొన్నవాడూ హబ్షీయే, అంటే ఇథియోపియా వైపు నుంచి వచ్చినవాడే. ఇక మ్యాపుతో పనేముంది? కుర్రవాణ్ణి నడిపించు, హద్దులు వాటంతటవే వస్తాయి.

ఆ దారిలోనే నీకు ఇష్టం లేని విషయం ఒకటి ఎదురవుతుంది. ఇథియోపియాకి మన దేశపు నూలు బట్టలు వెళ్ళేవి. వాటికి మారుగా బంగారం, ఏనుగు దంతాలతో పాటు మనుషులూ వచ్చేవాళ్ళు. నీ రాతలో తుర్కులు దుర్మార్గులు, పోర్చుగీసులు దుర్మార్గులు, మనవాళ్ళు మాత్రం గట్టున నిలబడి చూస్తున్నారు. మన బట్ట మూటని కూడా ఆ సంతలో దింపు.

ఇక తిండి దగ్గరికొద్దాం. మోఖాలో వాడికి టీ తాగించావు. పిచ్చిపిల్లా, కాఫీకి పేరుపడ్డ ఊళ్ళో టీ ఏమిటి! దౌలతాబాద్ దగ్గర సైనికులకి టమాటా పులుసు కాచించావు. టమాటా మన పొలాల్లోకి రావడానికి ఇంకా చాలా కాలం ఉంది. చింతపండు వెయ్యి. అది కూడా ఆఫ్రికా చెట్టే, ఎంతమందికి తెలుసో! జొన్నరొట్టె పెట్టావు, బాగుంది. కానీ 'పరాయి తిండి' అని వాడు మొహం తిప్పుకున్నాడని రాశావు. జొన్న పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా. వేల ఏళ్ళ కిందట అక్కణ్ణుంచి మన దగ్గరికి వచ్చింది. రాగులూ అంతే. ఓడ దిగి, ఎడ్లబండి మీద కొండలెక్కి వచ్చిన ఆ కుర్రవాడు ఈ దేశంలో మొట్టమొదట గుర్తుపట్టింది జొన్నచేనే అయి ఉండొచ్చు. ఇది నా ఊహ, ఎక్కడా రాసి లేదు. ఇలాంటి చోట్ల ఊహించడానికే నవల.

కాలం విషయంలో నిన్ను కోప్పడే అర్హత నాకేమీ లేదులే. వయసులో ఉన్నప్పుడు ఒక వారపత్రికకి కుతుబ్ షాహీల కాలం కథ రాస్తూ, అందులో ఏ.సి. గార్డ్స్ సిపాయిని దింపాను. మన మాసాబ్ ట్యాంక్ పక్కనున్న పేట. ఏ.సి. అంటే ఎయిర్ కండిషన్ అనుకునే జనానికి అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని చెప్పాలని ఉబలాటం. ఆ దళం నిజాములది. మధ్యలో ఎన్ని తరాలు గడిచాయో నేను చూసుకోలేదు. ఒక పెద్దాయన కార్డు రాశాడు, 'మీ సిపాయి రెండు వందల ఏళ్ళు ముందే డ్యూటీకి వచ్చినట్టున్నాడు' అని. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలో ఉంది.

నువ్వు జహంగీర్ రాసుకున్నదాన్ని బట్టి అంబర్‌ని క్రూరుడిగా తీర్చావు. జహంగీర్ ఆయన్ని నల్లమొహం వాడని తిట్టాడు, నిజమే. ఒక బొమ్మ కూడా వేయించుకున్నాడు. చేప మీద ఎద్దు, ఎద్దు మీద భూగోళం, దాని మీద జహంగీర్ నిలబడి, ఈటెకి గుచ్చిన అంబర్ తల మీదికి బాణం వేస్తుంటాడు. అసలు సంగతేమిటంటే ఆ తల ఆయనకి ఎప్పుడూ దొరకలేదు. అంబర్ 1626లో, ఎనభైకి దగ్గర పడి, మామూలుగానే చనిపోయాడు. అప్పుడు జహంగీర్ కొలువులోని చరిత్రకారుడే యుద్ధంలోనూ పాలనలోనూ ఆయనకి సాటి లేరని రాశాడు. 1617లో ఆయన్ని కలిసిన పీటర్ వాన్ డెన్ బ్రోకె అనే డచ్చి వర్తకుడేమో పొడగరి అనీ, రోమన్ మొహం అనీ రాసుకున్నాడు. హబ్షీని చూసినా వాడికి రోము తప్ప గుర్తురాలేదు. ఏ మాట తీసుకున్నా చెప్పినవాడి మొహం కూడా పక్కనే కనబడేలా రాయి.

నలభయ్యో పేజీలో అంబర్ చేత 'నా జాతికి విముక్తి ఎప్పుడు?' అనిపించావు. అక్కడ పెన్సిల్ విరిగింది. అమెరికా చెరుకు తోటల బానిసత్వాన్ని తెచ్చి దక్కన్‌లో నాటేశావు. ఇక్కడ యజమాని చంగీజ్ ఖాన్ చనిపోతే, ఆయన భార్య ఇతణ్ణి బానిసత్వం నుంచి విడిచిపెట్టింది. పెళ్ళి చేసుకున్నాడు, బీజాపూర్‌లో కొలువు చేశాడు, నూటయాభై మంది రౌతుల్ని పోగేసుకున్నాడు, ఆ దండు వేలకు పెరిగింది. తన కూతుర్ని అహ్మద్‌నగర్ సుల్తానుకే ఇచ్చాడు. అలాగని ఆ బానిసత్వం తీపి అని కూడా రాయకు. ఒక్క అంబర్ పైకి వచ్చాడు, అదే ఓడల్లో వచ్చిన మిగతా పిల్లల పేర్లు కూడా మనకి మిగల్లేదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలంటావా? 1624లో, అహ్మద్‌నగర్ దగ్గరి భాత్‌వాడి చెరువు కట్ట మీద. ఆ ఏడాదే ఆయన మన గోల్కొండ సరిహద్దు దాకా వచ్చి, కుతుబ్ షా నుంచి రావలసిన బకాయి వసూలు చేసుకుని, ఒప్పందం కుదుర్చుకుని మరీ వెళ్ళాడు. మొఘలులూ బీజాపూర్ వాళ్ళూ కలిసి మీదికి వచ్చారు. డెబ్బయ్యైదు దాటిన ముసలాయన చెరువు కట్ట తెగ్గొట్టించాడు. నేలంతా బురద. ఫిరంగి బండ్లు కదలవు, గుర్రాలకి గడ్డి లేదు, రాత్రిళ్ళు దాడులు. ఆకలికి తాళలేక అవతలి సిపాయిలు చాలామంది ఇటు వచ్చి చేరారు. ఇటు పోరాడినవాళ్ళలో శివాజీ తండ్రి శహాజీ కూడా ఉన్నాడు. ఇదే మనిషి 1610లో ఖడ్కీ ఊరు కట్టి, భూమి లోపల కాలువలు తవ్వించి జనానికి నీళ్ళిచ్చాడు. ఒక చోట నీళ్ళు తెచ్చినవాడు ఇంకో చోట కట్ట తెంపాడు. కింద పల్లెలో ఆ రైతుల పొలాలు ఏమయ్యాయో నువ్వే రాయాలి.

సంభాషణల గురించి ఒక్క ముక్క. 'ఓయీ సేనానీ' వద్దు. పద్య నాటకం కాదు.

ఒకసారి వెళ్ళి చూసి రా. ఖడ్కీయే తరువాత ఔరంగాబాద్ అయింది, ఇప్పుడు టికెట్ మీద ఛత్రపతి శంభాజీనగర్ అని ఉంటుంది. అక్కడ పన్‌చక్కీ అనే నీటి మర చూపించి అంబర్ కాలువ అని ఎవరైనా చెబితే నమ్మకు, అది వందేళ్ళు దాటాక కట్టింది. ఖుల్దాబాద్‌లో బస్సు దిగిన జనమంతా ఔరంగజేబు సమాధి వైపు పోతారు. అంబర్‌ది కూడా ఆ ఊళ్ళోనే. దారి అడిగి పో. ఎండాకాలం వద్దు, జొన్న పొట్టమీదున్నప్పుడు వెళ్ళు.

తిరిగొచ్చాక మొదటి పది పేజీలు మళ్ళీ రాసి పంపు. ఈసారి అక్షరాలు పదహారు సైజులో పెట్టు, నాన్నని అడిగానని చెప్పు.

మామయ్య