షిప్ ఎక్కే ముందు రోమ్‌లో నాలుగు రోజులు: ఖర్చెంత, డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: నా వయసు 62. విజయవాడలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. పెన్షన్ రూ.46 వేలు వస్తుంది, ఇంటి ఖర్చులు పోను నెలకు ఓ 15 వేలు మిగులుతాయి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో రూ.15 లక్షలు వేసి రెండేళ్లు దాటింది. బ్యాంకులో రూ.5 లక్షల ఎఫ్‌డీ ఒకటి, మార్చిలో గడువు తీరే రూ.1.5 లక్షల ఎఫ్‌డీ ఒకటి ఉన్నాయి. న్యూజెర్సీలో ఉండే మా అమ్మాయి మే నెలలో తన కుటుంబంతో పాటు నన్నూ ఏడు రాత్రుల క్రూయిజ్‌కి తీసుకెళ్తోంది. ఆదివారం సాయంత్రం రోమ్ దగ్గరి చివితావెక్కియా రేవులో షిప్ బయల్దేరి నేపుల్స్, శాంటోరిని, టర్కీలోని కుషదాసి, మైకొనోస్ తిరిగి అక్కడికే వస్తుంది. క్రూయిజ్ డబ్బు అమ్మాయే కట్టింది. నా విమానం టికెట్టు కూడా తనే తీస్తానని తేదీ చెప్పమంటోంది. వాళ్లు ఆదివారం ఉదయం దిగుతారు. నేను బుధవారమే వెళ్లి రోమ్ చూడాలనుకుంటున్నాను. మావారికి ప్రయాణాలు పడవు కాబట్టి ఒక్కదాన్నే. రోమన్ సామ్రాజ్యం పాఠం చెప్పడమే గానీ చూసింది లేదు. ట్రావెల్ ఏజెంటు ఈ నాలుగు రోజులకు రూ.2.1 లక్షలు చెప్పాడు. మా అబ్బాయేమో ‘ఒంటరిగా వెళ్లి రెండు లక్షలు తగలేస్తావా’ అంటున్నాడు. సీనియర్ స్కీమ్ నుంచి తీయనా? క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టనా? మానేయనా?

జవాబు: టీచరుగారూ, వెళ్లండి. సీనియర్ స్కీమ్ జోలికి పోవద్దు, ఈఎంఐ వద్దు, ఆ ప్యాకేజీ కూడా వద్దు.

మీ ఇంట్లో లెక్క మొదలుపెట్టిన చోటే తేడా ఉంది. రోమ్ చూసినా చూడకపోయినా మీరు ఇటలీ వెళ్తున్నారు. విమానం టికెట్టు, వీసా, ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పవు. కాబట్టి అడగాల్సింది ‘రోమ్ ట్రిప్ ఎంత’ అని కాదు, ‘నాలుగు రోజులు ముందు వెళ్తే అదనంగా ఎంత’ అని. పైగా అందులో ఒక రాత్రి మీకు ఎటూ కావాలి. సాయంత్రం షిప్ పెట్టుకుని అదే రోజు ఉదయం విమానం దిగడం నేనెవరికీ సలహా ఇవ్వను. షిప్ మీకోసం ఆగదు. అంటే సరదా కోసం పెట్టే ఖర్చు నిజానికి మూడు రాత్రులదే.

యూరో రూ.105 అనుకుని చూద్దాం. టెర్మినీ స్టేషన్ దగ్గరగానీ, వాటికన్ పక్కన ప్రాతి పేటలోగానీ త్రీ స్టార్ హోటల్లో గదికి రాత్రికి 140 యూరోలు వేసుకోండి. మే నెల అక్కడ సీజను, అంతకంటే తక్కువ అనుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు. నాలుగు రాత్రులకు 560. దీనిపై సిటీ ట్యాక్స్ అని ఒకటుంది. ఆన్‌లైన్‌లో కనిపించే ధరలో చాలాసార్లు కలిసి ఉండదు, హోటల్లో విడిగా అడుగుతారు. త్రీ స్టార్‌కి మనిషికి రాత్రికి 6 యూరోలు, మొత్తం 24. తిండికి రోజుకు 35 చొప్పున 140. కొలోసియం టికెట్టు 18, వాటికన్ మ్యూజియం బుకింగ్ చార్జీతో కలిపి 25, ప్రాచీన రోమన్ల గుడి పాంథియన్ 5. ఫ్యుమిచీనో విమానాశ్రయం నుంచి టెర్మినీకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 14. ఊళ్లో బస్సులకు, మెట్రోకు 15. చివితావెక్కియాకు లోకల్ రైలు 5 లోపే. మొత్తం 806 యూరోలు, దాదాపు రూ.85 వేలు. చేతిలో ఇంకో వంద యూరోలు ఉంచుకున్నా రూ.95 వేలు. టికెట్ల ధరలు కొంచెం పెరిగినా ఆ వందలో సర్దుకుంటాయి. ఏజెంటు చెప్పిన 2.1 లక్షల్లో సగం కూడా కాలేదు చూడండి.

ఈ లెక్కలో ఒంటరి ప్రయాణానికి దెబ్బ పడేది గది దగ్గరే. ఒక్కరున్నా, ఇద్దరున్నా అద్దెలో పెద్ద తేడా ఉండదు. దీనికి రోమ్‌లో ఒక మంచి దారి ఉంది. నన్స్ నడిపే అతిథి గృహాలు ఊరంతా ఉంటాయి. ‘కాజా పెర్ ఫెరియే’ (Casa per ferie) అని వెతకండి. శుభ్రంగా ఉంటాయి, సింగిల్ గదులు దొరుకుతాయి, ఏ మతం వారికైనా ఇస్తారు. హోటల్ కంటే సాధారణంగా చవక. కొన్నింటిలో రాత్రి పదిన్నరా పదకొండుకల్లా గేటు వేసేస్తారు. మీకది ఇబ్బంది అనుకోను, మీ అబ్బాయికి మాత్రం కాస్త ధైర్యంగా ఉంటుంది.

రోమ్‌లో గొప్పవన్నీ టికెట్టు పెట్టి చూడాల్సినవే అనుకోకండి. వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాలోకి ప్రవేశం ఉచితం, మైకెలాంజిలో చెక్కిన పియెతా శిల్పం అందులోనే ఉంది. ఆయనే పోప్ రెండో జూలియస్ సమాధి కోసం చెక్కిన మోజెస్ విగ్రహం కొలోసియానికి దగ్గర్లోని సాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చిలో ఉంది, అదీ ఉచితమే. పియాజ్జా నవోనా పక్కన సాన్ లుయీజీ దెయి ఫ్రాన్చేజీ చర్చిలో కారవాజ్జో వేసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడు ఉన్నాయి. వేరే దేశంలో అయితే ఒక్కో చిత్రానికీ ఒక మ్యూజియం టికెట్టు కొనాలి. ఇలాంటి చర్చిల్లో చీకటిగా ఉంటుంది, చిల్లర వేస్తే లైటు వెలిగే పెట్టెలు ఉంటాయి. యూరో, అర యూరో నాణేలు పర్సులో ఉంచుకోండి. మధ్యాహ్నం చాలా చర్చిలు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. బుధవారం ఉదయం సెయింట్ పీటర్స్ చౌకులో పోప్ సభ ఉంటుంది, ఆ పూట బసిలికాలోకి వెళ్లనివ్వరు. వాటికన్‌ను గురువారమో శుక్రవారమో పెట్టుకోండి. బసిలికా గోపురం పైకి లిఫ్టుకు డబ్బు కట్టినా ఆ తర్వాత ఇంకో 320 మెట్లున్నాయి. మోకాళ్లు చూసుకుని నిర్ణయించుకోండి.

టికెట్టు ఉన్నచోట అధికారిక వెబ్‌సైట్‌లోనే కొనండి. కొలోసియం టికెట్లు నెల ముందు విడుదలవుతాయి, మీ పేరు మీదే ఇస్తారు, లోపలికి పాస్‌పోర్టు చూపించాలి. ఫోరమ్, పాలటైన్ కొండ అదే టికెట్టులో కలిసి ఉంటాయి. అక్కడ గేటు దగ్గర ‘క్యూ లేకుండా పంపిస్తాం’ అంటూ వెంటపడేవాళ్లకు అధికారిక ధరకు రెట్టింపు పైన ఇచ్చి వచ్చినవాళ్లు నాకు తెలుసు. పాంథియన్ చాలా ఏళ్లు ఉచితం, 2023 జులైలో 5 యూరోల టికెట్టు పెట్టారు. హేడ్రియన్ కాలపు ఆ కాంక్రీటు గుమ్మటం కింద నిలబడటానికి నేనైతే ఇంకా ఎక్కువే ఇస్తాను.

తిండికి 35 యూరోలు సరిపోతాయా అంటే, సరిపోతాయి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఒక ధర. తూకం లెక్కన కోసిచ్చే పిజ్జా ముక్కలు మధ్యాహ్నానికి బాగుంటాయి. శాకాహారులైతే ‘సుప్లీ’ అనే అన్నం ఉండ చూసి బోండా అనుకుని కొనకండి, అందులో తరచూ మాంసం ఉంటుంది. టెర్మినీ దగ్గర పియాజ్జా విట్టోరియో చుట్టుపక్కల మన దేశపు సరుకుల కొట్లు, హోటళ్లు ఉన్నాయి. నీళ్ల సీసాలు కొనొద్దు. వీధుల్లో ఎప్పుడూ పారుతుండే ఇనప కుళాయిల నీళ్లు ఊరంతా తాగుతుంది. ఖాళీ సీసా ఒకటి బ్యాగులో పెట్టుకోండి.

మీ అబ్బాయి మీ గురించి టెన్షన్ పడుతున్నాడు గానీ, పడాల్సింది మీ అమ్మాయి కుటుంబం గురించి. అమెరికా నుంచి రాత్రంతా ప్రయాణించి ఆదివారం ఉదయం దిగి, సాయంత్రం షిప్ ఎక్కుతామంటున్నారు. షిప్ కదలడానికి గంటా గంటన్నర ముందే ప్రయాణికులందరూ లోపల ఉండాలి. ఫ్యుమిచీనో నుంచి రేవుకు రోడ్డు మీద గంట సుమారు. న్యూజెర్సీలో విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే చాలు, లక్షలు పోసి కొన్న క్రూయిజ్ మొదటి రోజే గల్లంతు. తర్వాతి రేవు దాకా సొంత ఖర్చుతో వెళ్లి పట్టుకోవాలి, దానికీ షిప్ కంపెనీ ఒప్పుకోవాలి. అమ్మాయిని శనివారం దిగేలా టికెట్లు మార్చుకోమనండి. వాళ్లకు ఒక రాత్రి హోటల్ ఖర్చు, అంతే. అప్పుడు ఆదివారం అందరూ కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకుని రేవుకు పోవచ్చు. రెండు సూట్‌కేసులతో ఒక్కరే లోకల్ రైలెక్కి, చివితావెక్కియా స్టేషన్ నుంచి మళ్లీ బస్సు పట్టుకోవడం కంటే అదే హాయి. వాళ్లు మార్చుకోలేకపోయినా, మీ బోర్డింగ్ పాస్, లగేజీ ట్యాగులు మీ దగ్గర విడిగా ప్రింటు తీసి ఉంచుకోండి. వాళ్లు అందుకోలేకపోయినా మీరు షిప్ ఎక్కగలగాలి.

ఇక డబ్బు ఎక్కడిది? సీనియర్ స్కీమ్‌లో కొంచెం తీసుకుని కొంచెం ఉంచడం కుదరదు, మొత్తం ఖాతా మూసేయాలి. రెండేళ్లు దాటాక మూస్తే అసలులో 1 శాతం కోస్తారు, అంటే రూ.15 వేలు. ఏడాదికి 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి మీకు వచ్చే రూ.30,750 కూడా ఆగిపోతుంది. ఆ వడ్డీనే వాడుకోండి. జనవరి, ఏప్రిల్ మొదటి తేదీల్లో వచ్చే రెండు వాయిదాలు కలిపితే రూ.61,500. మార్చిలో గడువు తీరే ఎఫ్‌డీ నుంచి ఇంకో 35 వేలు తీస్తే రోమ్ ఖర్చు ముగిసింది. అదే ఎఫ్‌డీలో వీసా, ఇన్సూరెన్స్, షిప్‌లో చేతిఖర్చులు కూడా సర్దుకుని ఇంకా మిగులుతుంది. 5 లక్షల ఎఫ్‌డీ మీ ఇద్దరి ఆసుపత్రి అవసరాలకు, దాన్ని కదపకండి.

కార్డులు రెండు తీసుకెళ్లండి. యూరోలు నింపిన ఫారెక్స్ కార్డు ఒకటి, క్రెడిట్ కార్డు ఒకటి. రోజువారీ ఖర్చంతా ఫారెక్స్ కార్డుతో. మన క్రెడిట్ కార్డుల్లో ఎక్కువ వాటికి విదేశాల్లో గీకితే 2 నుంచి 3.5 శాతం అదనపు చార్జీ, దానిపై జీఎస్టీ పడతాయి. షాపులో మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే ప్రతిసారీ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు వేస్తారు, అది మనకెప్పుడూ నష్టమే. ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది: అమెరికన్ కంపెనీల షిప్పుల్లో లెక్కంతా డాలర్లలో ఉంటుంది. అక్కడ మీ యూరోల కార్డు ఇస్తే కరెన్సీ మార్పిడి చార్జీ పడుతుంది, పైగా ప్రీపెయిడ్ కార్డులో కొంత డబ్బు బ్లాక్ చేసి విడుదల చేయడానికి రోజులు పడుతుంది. షిప్‌లో మీ ఖాతాకు అమ్మాయి కార్డు జతచేయించుకుని, తర్వాత ఇంట్లో మీరూ మీరూ చూసుకోండి. రోజుకు మనిషికి 15–20 డాలర్ల దాకా టిప్పు దానంతటదే బిల్లులో చేరుతుంది, అది ముందే కట్టేసిందేమో అడగండి.

విదేశీ ఖర్చుల మీద ముందుగానే వసూలు చేసే పన్ను, టీసీఎస్ గురించి దిగులొద్దు. ఏడాదిలో రూ.10 లక్షలు దాటకుండా ఫారెక్స్ కార్డులో వేసుకుంటే అది పడదు. ఏజెంటు ప్యాకేజీ అయితే మొదటి రూపాయి నుంచీ వసూలు చేస్తారు. రిటర్నులో వెనక్కి వస్తుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది.

వీసా ఫీజు 90 యూరోలు, దానిపై సెంటర్ సర్వీసు చార్జీ. ఈ నాలుగు రాత్రుల వల్ల ఒక లాభం ఉంది. ఎక్కువ రోజులు ఇటలీలోనే కాబట్టి దరఖాస్తు ఇటలీకే చేయాలా, గ్రీసుకా అన్న మీమాంస ఉండదు. కానీ షిప్ మధ్యలో టర్కీ వెళ్తోంది, అంటే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల ప్రాంతం) దాటి మళ్లీ లోపలికొస్తారు. మల్టిపుల్ ఎంట్రీ అడగండి. సింగిల్ ఎంట్రీ చేతికొస్తే వెంటనే షిప్ కంపెనీతో మాట్లాడండి, టర్కీ వీసా అవసరమా అన్నది కూడా వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. వీసా వచ్చేదాకా హోటల్‌ను ఉచితంగా రద్దు చేసుకునే పద్ధతిలోనే బుక్ చేయండి. బ్యాంకు స్టేట్‌మెంటులో దరఖాస్తుకు ముందు హఠాత్తుగా పెద్ద మొత్తం జమ అయితే ప్రశ్నలొస్తాయి. నెలనెలా పెన్షన్, మూడు నెలలకోసారి వడ్డీ పడుతున్న మీ ఖాతా అలాగే చాలు.

ఇన్సూరెన్స్‌లో వీసాకు కావాల్సిన కనీసం 30 వేల యూరోలు. మీరు దానితో ఆగకండి. షిప్ డాక్టరు ఊరికే చూడడు, సముద్రం మీద నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే బిల్లు మామూలుగా ఉండదు. లక్ష డాలర్ల కవరేజీ తీసుకోండి, క్రూయిజ్ వర్తిస్తుందో లేదో పాలసీలో చదవండి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి.

టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది. రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టుకోకండి, పాస్‌పోర్టు జిరాక్సు వేరే బ్యాగులో ఉండాలి. ఫోనుకు రోమింగ్ ప్యాకేజీ ఇక్కడే వేయించుకోండి, అయితే షిప్ ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. సముద్రంలో ఫోను పట్టుకునే నెట్‌వర్క్ మామూలు ప్యాకేజీల్లోకి రాదు, ఆ బిల్లు మీ నాలుగు రోజుల హోటల్ అద్దెతో పోటీ పడగలదు.