పి0302 కోడ్ వచ్చిందని ఇంజిన్ విప్పించకండి

ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) బండి వణుకుతోందని, స్కానర్‌లో పి0302 అనే లోపం కోడ్ వచ్చిందని రాశారు. ఒక మెకానిక్ ఇంజిన్ విప్పాలన్నారు, ఇంకొకరు కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు పంపే భాగం) మారిస్తే చాలన్నారు. తొందరపడకండి. ఆ కోడ్ రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అవుతోందని, అంటే పెట్రోలు సరిగా మండడం లేదని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు.

మీ బండిలో ప్లగ్‌కో కాయిల్ ఉంటే, ఇంజిన్ చల్లారాక రెండో కాయిల్‌నీ మూడోదాన్నీ అటూ ఇటూ మార్చండి. కోడ్ చెరిపి స్టార్ట్ చేయండి. ఈసారి పి0303 (మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్) వస్తే దోషం కాయిల్‌దే. మళ్లీ పి0302 వస్తే ప్లగ్‌లను కూడా అలాగే అటూ ఇటూ మార్చి చూడండి. అప్పటికీ తేలకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను చూడాలి, ఆ తర్వాత కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష). ఆ రీడింగులు చూపించకుండా ఇంజిన్ విప్పుదామనేవారిని నేనైతే నమ్మను.

చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం దయచేసి బండి నడపొద్దండీ. కాలని పెట్రోలు వెళ్లి కేటలిటిక్ కన్వర్టర్‌ను (పొగను శుద్ధిచేసే భాగాన్ని) పాడుచేస్తుంది.