టైమ్ స్టెప్ తగ్గిస్తే ముళ్లు ఇంకా పెరుగుతున్నాయా?

ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కిస్తూ, కదలని గ్రిడ్ (ప్రవాహాన్ని కోసిన చిన్న గడులు, అంటే సెల్స్) మీద, ఇమ్మర్స్‌డ్ బౌండరీ పద్ధతిలో (గ్రిడ్ అలాగే ఉంటుంది, వస్తువు దాని మీదుగా కదులుతుంది) సిలిండర్‌ని అటూ ఇటూ ఊపుతుంటే డ్రాగ్ (ప్రవాహం సిలిండర్‌ని లాగే బలం) గ్రాఫ్ నిండా ముళ్లు వస్తున్నాయని, టైమ్ స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య కాలం) సగం చేస్తే తగ్గకపోగా రెట్టింపయ్యాయని రాశారు. కోడ్‌లో బగ్ ఉండొచ్చు, కాదనను. కానీ ఈ లక్షణం వినగానే నాకు పీహెచ్‌డీ రెండో ఏడాది గుర్తొచ్చింది. మూడు వారాలు అచ్చం ఇదే గొడవ. ఏది తేడా కొట్టినా ముందు టైమ్ స్టెప్ తగ్గించడం మనకు అలవాటు కదా, నేనూ అదే చేస్తూ పోయాను. పదో వంతుకు దించేసరికి ముళ్ల మధ్య అసలు డ్రాగే కనపడకుండా పోయింది.

చివరికి ఒక్క పీరియడ్‌ని మాత్రం పెద్దది చేసి చూశాను. ముళ్లు సమాన దూరంలో లేవు. సిలిండర్ మధ్యలో వేగంగా పోయేటప్పుడు దగ్గరదగ్గరగా ఉన్నాయి, చివర్లలో ఆగి వెనక్కి తిరిగేటప్పుడు ఎడమెడంగా ఉన్నాయి. అనుమానం వచ్చి, ప్రతి స్టెప్‌లో ఎన్ని సెల్స్ ఘనం వైపు నుంచి ద్రవం వైపు మారుతున్నాయో ప్రింట్ చేయించాను. మారిన చోటల్లా ముల్లు, మారని చోట నునుపు. మీరూ చేసి చూడండి, పది లైన్ల పని.

జరిగేది ఇదీ. సిలిండర్ ముందుకు జరిగితే వెనక ఒక సెల్ బయటపడుతుంది. అది కొంచెం కొంచెంగా కాదు, ఒక్క స్టెప్‌లో మొత్తంగా ప్రవాహంలో చేరినట్టు మన లెక్క. ద్రవం ఇన్‌కంప్రెసిబుల్ (నొక్కినా కుదించుకుపోదు) కాబట్టి ఆ తేడాను సరిదిద్దే భారం ప్రెజర్ మీద పడుతుంది, అదీ ఆ ఒక్క స్టెప్‌లోనే. ఎంత తక్కువ టైమ్‌లో సరిదిద్దమంటే అంత గట్టిగా నెట్టాలి. గ్రిడ్ సన్నం చేస్తే మాత్రం ముల్లు తగ్గుతుంది, ఎందుకంటే చేరే సెల్ చిన్నది. 1972లో చార్లెస్ పెస్కిన్ గుండె కవాటాల కోసం రాసిన మూల పద్ధతిలో గోడ ద్రవం మీద చూపే బలాన్ని కొన్ని సెల్స్ మీద పరిచేస్తారు కాబట్టి ఈ బాధ తక్కువ, బదులుగా గోడ మసకబారుతుంది. గోడను పదునుగా ఉంచే పద్ధతులకే ఇది ఎక్కువ. అక్కడ సరైన మందు కట్ సెల్: గోడ కోసిన సెల్‌లో ద్రవం ఉన్న భాగానికే ద్రవ్యరాశి లెక్క కట్టడం. ఫిల్టర్ వేసి గ్రాఫ్ నునుపు చేయకండి. ఒక మీటింగ్‌కి నేను ఆ పని చేసి దొరికిపోయాను.

నిజానికి మీ కేసుకి ఇమ్మర్స్‌డ్ బౌండరీయే అనవసరం అంటాను. ఉన్నది ఒక్క సిలిండర్, కదలిక ముందే తెలుసు. మెష్‌నే (అంటే గ్రిడ్‌నే) కదిలించండి. హర్ట్, ఆమ్స్‌డెన్, కుక్ 1974లో ఇచ్చిన ఏఎల్ఈ (ఆర్బిట్రరీ లగ్రాంజియన్-యూలేరియన్, మెష్ కదులుతుండగానే లెక్కించే) పద్ధతి దీనికి చాలు. వస్తువులు ఒకదాన్నొకటి దాటిపోయేంత కదలిక ఉంటేనే ఓవర్‌సెట్ (ఒకదాని మీద ఒకటి పరిచిన వేర్వేరు మెష్‌లు) గానీ ఇమ్మర్స్‌డ్ బౌండరీ గానీ ఆలోచించాలి.

ఏఎల్ఈకి మారితే ముందు ఒక టెస్ట్. సిలిండర్ తీసేసి, అంతటా ఒకే వేగంతో పారే ప్రవాహం పెట్టి, లోపలి మెష్ పాయింట్లను మాత్రం ఊపండి. ఏమీ మారకూడదు. నా కోడ్‌లో వేగం నాలుగో అంకె దగ్గర వణికింది. ఫేస్ (సెల్ పక్క గోడ) వేగాన్ని కొత్త వైశాల్యంతో గుణించడమే నా తప్పు. ఆ ఫేస్ పాత చోటు నుంచి కొత్త చోటుకి ఊడ్చుకుంటూ పోయిన ఘనపరిమాణాన్ని టైమ్ స్టెప్‌తో భాగించాలి. థామస్, లంబార్డ్ 1979లో జామెట్రిక్ కన్జర్వేషన్ లా అన్నది దీన్నే.

తర్వాత సిలిండర్‌ని స్ప్రింగ్ మీద వదిలేస్తానని కూడా రాశారు. అక్కడ ఇంకో గుంట ఉంది. వస్తువు కదలాలంటే చుట్టూ ఉన్న నీటిని కూడా నెట్టాలి. సిలిండర్‌కి ఆ అదనపు ద్రవ్యరాశి దాదాపు అది తొలగించిన నీటి ద్రవ్యరాశి అంత. గత స్టెప్ బలంతో కొత్త త్వరణం లెక్కిస్తే, వస్తువు నీటికన్నా తేలికైనప్పుడు తప్పు ప్రతి స్టెప్‌లో పెరుగుతూ పేలిపోతుంది. ఇక్కడా టైమ్ స్టెప్ తగ్గించి లాభం లేదు. స్టెప్ లోపలే ద్రవాన్నీ వస్తువునూ రెండూ సర్దుకునేదాకా మళ్లీ మళ్లీ లెక్కించాలి. దానికి ఐట్కెన్ రిలాక్సేషన్ (గత ఇటరేషన్లలో తేడా చూసి ఈసారి ఎంత సర్దాలో ఎంచుకునే పద్ధతి) పెట్టుకుంటే ఇటరేషన్లు బాగా తగ్గుతాయి. మీ సిలిండర్ నీటికన్నా చాలా బరువైనదైతే ఇదేమీ అక్కర్లేదు, స్టెప్‌కి ఒక్కసారే లెక్కించే మామూలు లూజ్ కప్లింగ్‌తోనే నడిచిపోతుంది.