ఉంగరాల జుట్టు తడి మీదే మాట వింటుంది

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "అత్తయ్యా, అక్క పెళ్ళికి స్ట్రెయిటెనింగ్ చేయించుకోనా?" అని అడిగావు. మీ అమ్మ కూడా లైన్లో ఉండి "చేయించేసుకోవే, పీడా పోతుంది" అంటోంది. ఆ మధ్యలో నేను నోరు తెరిస్తే ఆడపడుచు పెత్తనం అంటారు. అందుకని అప్పుడు ఊరుకుని, ఇవాళ పార్లర్‌కి సెలవు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చదివాక మీ అమ్మకి చూపించినా నాకేం అభ్యంతరం లేదు.

ఆ జుట్టు నీకు మా పుట్టింటి వైపు నుంచి వచ్చింది. మీ తాతయ్యది అదే, నాది అదే, మీ నాన్నదీ అదే, నెత్తిన జుట్టు ఉన్నన్నాళ్ళూ. స్కూల్లో నిన్ను "సాయిబాబా" అనీ "మ్యాగీ" అనీ ఏడిపిస్తే ఇంటికొచ్చి ఏడ్చేదానివి. మా రోజుల్లో పిచ్చుక గూడు అనేవాళ్ళు, అంతే తేడా. మీ అమ్మమ్మయితే తిరుపతిలో గుండు కొట్టిస్తే జుట్టు సాఫీగా వస్తుందని ఆశపడింది. మొక్కు తీర్చుకోవడం మంచిదే గానీ గుండుతో జుట్టు తీరు మారదు. వంపు పుట్టేది చర్మం కింద, వెంట్రుక కుదురు దగ్గర. మనకి ఆ కుదురే వంకరగా ఉంటుంది. వెంట్రుకను అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే గుండ్రంగా కాకుండా కోలగా ఉంటుంది. పైన ఎన్నిసార్లు గీసినా లోపలి కుదురు అలాగే ఉంటుంది కదా. వయసుకొచ్చినప్పుడు, కాన్పుల తర్వాత కొందరికి జుట్టు తీరు మారుతుంది, అది హార్మోన్ల వల్ల.

ఇక అసలు సంగతి. వెంట్రుకంటే కెరాటిన్ అనే ప్రోటీన్. దాని పోగుల్ని పట్టి ఉంచే ముడులు కొన్ని నీళ్ళు తగలగానే విడిపోయి, ఆరేటప్పుడు మళ్ళీ పడతాయి. ఆరే సమయానికి వెంట్రుక ఎలా ఉందో అలాగే బిగుసుకుంటుంది. ఇంకో రకం ముడులు గంధకంతో పడ్డవి. అవి నీళ్ళకి లొంగవు, మందులకే లొంగుతాయి. మొదటి రకం నీ చేతిలో పని, రెండోది పార్లర్ వాళ్ళ చేతిలో పని. నీకు నేను చెప్పేదంతా మొదటి రకం గురించే: ఏం చెయ్యాలన్నా జుట్టు తడిగా ఉండగానే చెయ్యి, ఆరడం మొదలయ్యాక దాని జోలికి పోకు.

మన ఇళ్ళల్లో చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. తలంటు పోసుకోవడం, తువ్వాలు బిగించి కట్టుకోవడం, సగం ఆరాక తువ్వాలుతో పటపటా కొట్టడం, పూర్తిగా ఆరాక దువ్వెన పట్టుకుని యుద్ధం. సాఫు జుట్టుకి అది చెల్లుతుంది. మనకైతే ఒకదాన్నొకటి పట్టుకుని రింగు తిరిగిన వెంట్రుకలన్నీ విడివిడిగా చెదిరి గాలిలోకి లేస్తాయి. అప్పుడు "ఛీ, నా జుట్టు" అనుకుంటాం.

స్ట్రెయిటెనింగ్ మాట కూడా తేల్చేస్తాను. రీబాండింగ్ అన్నా స్మూతెనింగ్ అన్నా ఆ గంధకం ముడుల్ని మందుతో తెంపి, వేడి పలకల మధ్య సాగదీసి, మళ్ళీ ముడి వేయడమే. చేసిన మేరకి మళ్ళీ ఉంగరం తిరగదు. కొత్తగా వచ్చేది మాత్రం నీ జుట్టే. నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది కాబట్టి ఆరు నెలలు తిరిగేసరికి పైన నాలుగు వేళ్ళ మేర ఉంగరాలు, కింద సాఫు. రెండూ కలిసే చోట పుటుక్కున తెగుతుంది. దాన్ని సరిచేయడానికి మళ్ళీ అదే కుర్చీలో కూర్చోవాలి. కొన్ని కెరాటిన్ ట్రీట్‌మెంట్లలో వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది. దాని బదులు వాడే గ్లైఆక్సిలిక్ యాసిడ్‌తో మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి 2024లో వైద్య పత్రికల్లో వచ్చింది. నా పార్లర్లో ఆ బోర్డు పెట్టనే లేదు. పక్క వీధిలో బోర్డు చూసి వెళ్ళిపోయిన కస్టమర్లు వెళ్ళిపోయారు.

సరే, తలస్నానం రోజు ఏం చెయ్యాలో చెబుతా. వారానికి ఒకసారి, చెమట ఎక్కువైతే రెండుసార్లు. అంతకు మించి వద్దు. మాడు నుంచి వచ్చే జిడ్డు సాఫు జుట్టుకి జారుకుంటూ కొసల దాకా చేరుతుంది, మనకి మెలికల్లో ఆగిపోతుంది. అందుకే మన మాడు జిడ్డుగా, కొసలు ఎండిపోయి ఉంటాయి. గంట ముందు కొబ్బరినూనె పట్టించు, మాడుకి కాదు, పొడవుకి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో మన దేశంలో చేసిన పరిశోధనలోనే తేలింది. దానితో పోల్చి చూసిన పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. ఆముదం ఒక్కటే చిక్కగా పట్టించకు, వదలక చస్తావు. చుండ్రు ఉంటే మాత్రం మాడుకి ఏ నూనే వద్దు. చుండ్రుకి కారణమయ్యే ఫంగస్‌కి నూనె మేతే. మందుల షాపులో దొరికే కీటోకొనజోల్ షాంపూ గురించి డాక్టర్ని అడుగు.

కుంకుడు పులుసు మంచిదే, నేనూ దానితోనే పెరిగాను. కానీ అది జిడ్డుని పూర్తిగా లాగేస్తుంది, ఒక్కటే వాడితే మన జుట్టు బిరుసెక్కుతుంది. అందుకే మా అమ్మ అందులో గుప్పెడు మందారాకు నలిపి కలిపేది. ఆ జిగురుకే చిక్కు సగం వదిలేది. హాస్టల్లో నీకు కుంకుళ్ళు కొట్టుకునే ఓపిక ఎక్కడిది? షాంపూ వాడుకో, డబ్బా వెనక సల్ఫేట్ (జిడ్డుని గట్టిగా లాగేసే నురగ మందు) లేనిది చూసుకో. మాడుకే రుద్దు, కిందికి జారే నురగ పొడవుకి చాలు. జుట్టంతా నెత్తి మీద కుప్ప పోసి రుద్దొద్దు.

కండిషనర్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. జుట్టు నీళ్ళోడుతూ ఉండగానే చెవుల కింద నుంచి కొసల దాకా దండిగా రాయి. ముందు వేళ్ళతో, తర్వాత పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి వస్తూ చిక్కు తియ్యి. వారం మొత్తంలో దువ్వెన పెట్టేది ఈ పది నిమిషాలే. అప్పుడు గుప్పెడు వెంట్రుకలు చేతికొస్తాయి, టెన్షన్ పడకు. ఎవరికైనా రోజుకి యాభై నుంచి వంద దాకా రాలతాయి. మనం రోజూ దువ్వం కాబట్టి రాలినవన్నీ మెలికల్లో ఇరుక్కుని ఒకేసారి వస్తాయి. పాపిడి వెడల్పవుతుంటే మాత్రం చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు రాస్తారు.

చిక్కు వదిలాక కండిషనర్ కడిగేయకుండా, తల ముందుకి వంచి, అరచేతిలో నీళ్ళు తీసుకుని కొసలను పైకి పిడికిలి పట్టి నొక్కు. పిచిక్ పిచిక్‌మని చప్పుడు రావాలి. చప్పుడు రాకపోతే నీళ్ళు చాలలేదని అర్థం. అలా నొక్కుతుంటేనే వెంట్రుకలు గుంపులు గుంపులుగా చేరి రింగు తిరగడం నీకే తెలుస్తుంది. ఆ తర్వాత కండిషనర్ చాలావరకు పోయేలా కడిగి, తువ్వాలు ముట్టకుండా జెల్ రాయి. అవును, బొట్లు కారుతుండగానే. తుడుచుకున్నాక జెల్ రాస్తే ఉపయోగం లేదు.

జెల్ కొనక్కర్లేదు. రెండు గ్లాసుల నీళ్ళలో పావు గ్లాసు అవిసె గింజలు వేసి సన్నటి సెగ మీద కలుపుతూ ఉండు. గరిటె ఎత్తితే తీగపాకంలా సాగగానే దించేసి, వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టు. చల్లారనిచ్చావో, గింజా జిగురూ ఒకదాన్నొకటి వదలవు, గుడ్డ పారేయాల్సిందే. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. వాసన మారితే పారబోయి.

జెల్ రాశాక పాత కాటన్ టీషర్టు మంచం మీద పరిచి, దాని మీదకి తల వంచి జుట్టంతా అందులో పడేసి, చేతుల గుడ్డలు మెడ వెనక ముడెయ్యి. పావుగంట. విప్పాక ఫ్యాన్ కింద కూర్చో, లేదా డ్రయ్యర్‌కి డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే గిన్నెలాంటి మూతి) తగిలించి తక్కువ వేడిలో పెట్టు. ఆరుతున్నప్పుడు చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. ముట్టుకోకు! పూర్తిగా ఆరాక జుట్టు గట్టిగా అట్ట కట్టినట్టుంటుంది. దాన్ని చూసి చాలామంది భయపడి మళ్ళీ తల కడిగేసుకుంటారు. రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని అదే పిడికిలి పట్టి నలిపితే ఆ గట్టిదనం విరిగిపోయి లోపలి నుంచి మెత్తటి ఉంగరాలు బయటపడతాయి.

నీ తల మీద అన్నీ ఒకే రకం కావు, గమనించావా? ముందు అలలు, చెవుల వెనక రింగులు. అమెరికాలో ఆండ్రీ వాకర్ అనే హెయిర్ స్టైలిస్ట్ జుట్టుని 1 నుంచి 4 దాకా రకాలుగా విడగొట్టాడు: 1 సాఫు, 2 అలలు, 3 రింగులు, 4 బాగా బిగిసిన మెలికలు. మీ పిల్లలందరూ "నాది 2సీనా, 3ఏనా" అని కొట్టుకునేది దాని మీదే. అది జాతకం కాదు. అలల చోట నూనె, క్రీమ్ తక్కువ రాయి, బరువుకి సాగి చప్పబడతాయి. రింగుల చోట ఎక్కువ రాయి. అంతవరకే దాని పని.

హైదరాబాద్ వెళ్ళాక జుట్టు పాడైంది అన్నావు. మీ హాస్టల్ బకెట్‌కీ కుళాయికీ తెల్లగా పొర కడుతోందా? కడితే అది బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. అదే పొర జుట్టు మీదా కడుతుంది, కండిషనర్ లోపలికి పోనివ్వదు. ఆఖరి రెండు మగ్గులు ఫిల్టర్ నీళ్ళు పోసుకో. నెలకొకసారి పేరుకున్నదాన్ని వదిలించే క్లారిఫయింగ్ షాంపూ వాడు, డబ్బా వెనక ఇ.డి.టి.ఎ. అని ఉన్నది చూసుకో, ఆ పొరని పట్టి లాగేది అదే. ఊరు మారింది కదా అని రోజుకో కొత్త క్రీమ్ కొనకు.

కటింగ్‌కి వెళ్తే జుట్టు ఆరి ఉండగానే కత్తిరించమను. తడిసిన ఉంగరం కిందికి సాగి ఉంటుంది, అంగుళం తీసినా ఆరాక మూడంగుళాలు పోయినట్టు కనబడుతుంది. ఒత్తు తగ్గిస్తానని థిన్నింగ్ కత్తెర తీస్తే కుర్చీలోంచి లేచి వచ్చెయ్, మొహమాటపడకు. మధ్యలో తెగిన పొట్టి వెంట్రుకలన్నీ పైకి నిలబడతాయి.

స్కూటీ మీద వెళ్తావు కదా, హెల్మెట్ కింద కాటన్ చున్నీ కాకుండా జారే గుడ్డ ఏదైనా కట్టుకో. రాత్రి జుట్టంతా నడినెత్తికి తెచ్చి వదులుగా బ్యాండ్ వేసుకో. దిండుకి శాటిన్ గలీబు తొడుగు, పాత పట్టు పరికిణీ ముక్క అయినా చాలు. పొద్దున చెదిరితే తడి చేతులతో నొక్కు, మళ్ళీ తలస్నానం అక్కర్లేదు.

పెళ్ళి సంగతికొస్తే, ముహూర్తం తెల్లవారుజామున. ఆ చీకట్లో తలస్నానం చేస్తే పీటల దగ్గరికొచ్చే దాకా ఆరదు, అందుకని ముందు రోజు పొద్దున్నే చేసెయ్. మన కాకినాడ గాలిలో తేమ ఎక్కువ. గ్లిజరిన్ ఉన్న క్రీములు ఆ తేమని లాగి జుట్టుని ఉబ్బిస్తాయి, అవి అక్కడే వదిలేసి రా. ముందు ముంగురులు వదిలేసి, వెనక వదులు జడ వేసి పూలు పెడదాం. మన జుట్టుకి పిన్ను జారదు, పూలు జారవు, సవరం అవసరమే లేదు. రెండు రోజులు ముందే వస్తే ఒకసారి ట్రయల్ వేసి చూస్తా. అవిసె జెల్ నేను కాచి ఉంచుతాను, నువ్వు టీషర్టు తెచ్చుకో, మీ మావయ్యవి అడగకు, ఇవ్వడు.

ఇట్లు,
మీ అత్తయ్య