యాప్‌లో కనిపించే అప్పు లిమిట్ మీ అత్యవసర నిధి కాదు

ప్రశ్న: సార్, మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. రాయగడలో గది తీసుకుని డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాను. గది అద్దెకు, మెస్సుకు నాన్న నెలకు 5,000 పంపిస్తారు. సాయంత్రాలు ట్యూషన్లు చెబితే ఇంకో 2,000 వస్తుంది. నెలకో ఆదివారం నలుగురు స్నేహితులం పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి రాత్రికి వచ్చేస్తుంటాం. మనిషికి 800 లోపే అవుతుంది. కిందటి నెల రుషికొండ దగ్గర రాళ్ళ మీద జారి నా మోకాలు చీరుకుపోయింది. ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే, కుట్లు, మందులు కలిపి 5,200 అడిగారు. నలుగురి దగ్గరా డబ్బు లేదు. ఫోన్లో ఒక యాప్ నుంచి 8,000 అప్పు తీసుకుంటే చేతికి 5,600 వచ్చింది. ఏడు రోజుల్లో 8,000 కట్టాలి. కట్టలేక, మెస్సు డబ్బుల్లోంచి 1,500 చొప్పున రెండుసార్లు ఇచ్చి గడువు పెంచుకున్నాను. ఇప్పుడు వేరే యాప్ 12,000 ఇస్తానంటోంది. దాంతో ఇది తీర్చేయనా? నాన్నకు ఇంకా చెప్పలేదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 500 సిప్ కూడా మొదలుపెట్టాలని ఉంది.

జవాబు: ఆ రెండో యాప్‌ను ముట్టుకోవద్దు. ఈ జవాబు చదవడం పూర్తి చేసేలోపే దాన్ని ఫోన్లోంచి తీసేయండి.

మీరు ఏం కొనుక్కున్నారో ఒకసారి లెక్క చూడండి. 5,600 వాడుకున్నందుకు వారానికి 2,400. అంటే వారానికి దాదాపు 43 శాతం. మీ ఊళ్ళో వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినా, ఇదే 5,600కు నెలంతా కలిపి 168 రూపాయలు. ఆ మూడు రూపాయల వడ్డీనే వద్దని మీ ఇంట్లో పెద్దవాళ్ళు మిమ్మల్ని కసురుతారు. మీరు ఇప్పటికే 3,000 కట్టారు, 8,000 బాకీ అలాగే ఉంది. గడువు పెంచుకోవడానికి ఇచ్చిన ఒక్క రూపాయి కూడా అసలులోకి పోలేదు. 12,000 యాప్ కూడా ఇలాగే ముందే కోసుకుంటే మీ చేతికి వచ్చేది సుమారు 8,400. పాత బాకీ కట్టేస్తే మిగిలేది 400, తలమీద 12,000. ఇలాంటి గొలుసు అప్పుల్లో పడి చదువు మానేసిన పిల్లలున్నారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ రాత్రే నాన్నకు ఫోన్ చేసి చెప్పండి. దెబ్బ తగిలిందని, డబ్బు చాలక అప్పు చేశానని ఉన్నదున్నట్టు చెప్పండి. బాకీ తీర్చడానికి 8,000 ఆయన్నే అప్పుగా అడగండి. ఆ తర్వాత, అప్పిచ్చిన యాప్ రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉన్న డిజిటల్ రుణ యాప్‌ల జాబితాలో ఉందో లేదో చూడండి. ఈ జాబితా 2025 జులై నుంచి అందరికీ అందుబాటులో ఉంది. జాబితాలో ఉంటే, అప్పిచ్చిన కంపెనీకి మెయిల్ రాసి మొత్తం బాకీ లెక్క అడగండి. ఏడాదికి వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి ఎంత శాతమో అప్పిచ్చే ముందే రాతపూర్వకంగా చూపాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో లేని ఛార్జీ వసూలు చేయడానికి వీల్లేదు. జాబితాలో లేకపోతే ఇక గడువు కోసం ఒక్క రూపాయి పంపకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో కూడా పెట్టండి. మీ కాంటాక్టులు, ఫోటోలు చూసేందుకు ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతులు తీసేయండి. వచ్చిన ప్రతి బెదిరింపు మెసేజీకీ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

ఇక నేను ఈ ఉత్తరాన్ని ఎంచుకున్న అసలు సంగతికి వస్తాను. బరంపురం, పర్లాకిమిడి, జయపురం పిల్లలు రాసే ఉత్తరాల్లోనూ ఇదే తప్పు. విశాఖకు వెళ్ళడం తప్పు కాదు. టిక్కెట్టు, బిర్యానీ, ఆటో, సబ్‌మెరైన్ మ్యూజియం, అన్నిటికీ పైసాతో సహా లెక్క వేసుకుని, ఆ పైన ఏం జరిగినా ఫోన్లో లిమిట్ ఉందిగా అనుకుని బయల్దేరడం తప్పు. నలుగురు వెళ్ళారు, నలుగురి దగ్గరా కలిపి 5,200 లేదు. కాలు జారకుండా సాయంత్రం రైలు తప్పిపోయినా మీది ఇదే పరిస్థితి.

పైగా మీరు రాష్ట్రం దాటి వెళుతున్నారు. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) ఒడిశా రేషన్ కార్డుకు వర్తించదు. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి, మీ ఇంటికి ఆ కార్డు ఉంటే జాబితాలోని ఆసుపత్రుల్లో విశాఖలోనూ చేర్చుకుంటారు. అయితే కుట్లు వేసి పంపించేసే గాయానికి అది అక్కరకు రాదు. (విశాఖలో కేజీహెచ్ పెద్ద ప్రభుత్వాసుపత్రి. మన జిల్లాల నుంచి రోజూ ఎంతమంది వెళతారో మీకూ తెలుసు. అక్కడికి వెళ్ళి ఉంటే ఇంత ఖర్చయ్యేది కాదు.) ఇలాంటి చిన్న దెబ్బలకు చేతిలో డబ్బు ఒక్కటే దారి.

అందుకని మీకు కావలసింది అత్యవసర నిధి. జీతం వచ్చాక చూద్దాంలే అనకండి, విద్యార్థికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మీ వెనక జీతం లేదు. ఒక నెల గది, మెస్సు ఖర్చు, అంటే 5,000 మొదటి మెట్టు. మీ ట్యూషన్ 2,000లో వెయ్యి నాన్న బాకీకి, 700 నిధికి, 300 మీ చేతి ఖర్చుకు. ఏడు నెలల్లో నిధి 5,000 దగ్గరకు వస్తుంది, ఎనిమిదో నెలకు నాన్న ఇచ్చే 8,000 తీరుతుంది. బాకీ తీర్చాక నిధి పెడతానంటే ఒప్పుకోను. మధ్యలో జ్వరం వస్తే మళ్ళీ యాప్ దగ్గరికే వెళతారు. ఈ డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఆ ఖాతాను ఫోన్‌పేకి, గూగుల్‌పేకి కలపవద్దు. ఏటీఎం కార్డు మాత్రం ప్రయాణంలో వెంట ఉండాలి.

నిధి నిండే వరకు విశాఖ ఆపండి. తర్వాత వెళ్ళినా, రైలెక్కే ముందు నలుగురూ తలా 500 తీసి, ఆ రెండు వేలూ నగదుగా ఒకరి దగ్గర పెట్టండి. ఫోన్ పోయినా, ఛార్జింగ్ అయిపోయినా అది పనికొస్తుంది. రాత్రికి రాయగడ స్టేషన్లో దిగాక ఎవరిది వాళ్ళు తీసుకోండి. ఆ 500 లేనివాడు ఆ వారం రావద్దు. స్నేహితుడని మొహమాటపడకండి.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అనే ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలే, బ్యాంకులో చేరండి. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా ఇస్తుంది. ఆసుపత్రి బిల్లు ఇవ్వదు. క్రెడిట్ కార్డు ఇప్పుడు వద్దు. సిప్ మంచి ఆలోచనే, కానీ నిధి 5,000 దాటి నాన్న బాకీ తీరాక మళ్ళీ రాయండి, అప్పుడు మాట్లాడదాం.