ఉద్యోగం చేస్తూ సైడ్ బిజినెస్, భార్య పేరు మీద పెడితే సేఫేనా?

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేస్తున్నానండి. రాత్రిళ్ళు, శని ఆదివారాలు కూర్చుని చిన్న క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్లు చూసుకునే యాప్ ఒకటి తయారు చేశా, ఇద్దరు డాక్టర్లు డబ్బులిచ్చి వాడతామంటున్నారు. నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో "కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ వేరే వ్యాపారం చేయరాదు" అని ఉంది. సెక్షన్ 27 కింద ఆ క్లాజ్ చెల్లదు అంటాడు ఒక ఫ్రెండ్, మీ ఆవిడ పేరు మీద పెట్టెయ్ ఏ గొడవా ఉండదు అంటాడు ఇంకో ఫ్రెండ్. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇద్దరి మాటా వినకండి. మొదటాయన చెప్పిందాంట్లో సగం నిజం ఉంది, అదే డేంజర్. 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్‌లో సెక్షన్ 27 ఏమంటుందంటే, ఎవరినైనా చట్టబద్ధమైన వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు అని. కానీ అది ఎక్కువగా పనికొచ్చేది ఉద్యోగం మానేశాక. జీతం తీసుకుంటూ ఉన్నన్నాళ్ళూ వేరే పని పెట్టుకోను అని మీరే సంతకం పెట్టినప్పుడు అది మామూలుగా సెక్షన్ 27 కిందకి రాదని సుప్రీంకోర్టు 1967లోనే గోలికరి కేసులో చెప్పేసింది. కాబట్టి ఆ క్లాజ్ మీ మీద ఇప్పుడు పనిచేస్తుంది. అలాగని బిజినెస్ పెడితే జైలుకేం పంపరు, ఇది క్రైమ్ కాదు, కానీ ఉద్యోగం పోవచ్చు, రిలీవింగ్ లెటర్ దగ్గర పేచీ పెట్టొచ్చు, ఆ కాగితం లేకపోతే తర్వాతి కంపెనీలో ఎంత తలనొప్పో మీకే తెలుసు.

ఇక ఆవిడ పేరు సంగతి. మీ లెటర్‌లో "పరోక్షంగా గానీ" అన్న మాట ఉన్నదే ఇలాంటి వాటి కోసం. ఆవిడ నిజంగా బిజినెస్ చూసుకుంటే, కస్టమర్లతో మాట్లాడి లెక్కలు రాసుకుంటే అది ఆవిడ బిజినెస్సే, మీ కంపెనీకి సంబంధం లేదు. కానీ కోడ్ మీది, డాక్టర్ ఫోన్ చేస్తే ఎత్తేది మీరు, పేరు మాత్రం ఆవిడది అంటే దాచిపెట్టారు అనే ఆరోపణ అదనంగా మీద పడుతుంది. పైగా మీ డబ్బు ఆవిడకి ఊరికే ఇచ్చి పెట్టిస్తే ఆ మేరకు వచ్చే లాభం ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మళ్ళీ మీ ఆదాయంలోనే కలుపుతారు, దీన్నే క్లబ్బింగ్ అంటారు.

సరే మీ పేరు మీదే పెట్టి గప్‌చిప్‌గా ఉంటే? జీఎస్టీ తీసుకుంటే పోర్టల్‌లో పాన్ నంబర్ కొడితే చాలు రిజిస్ట్రేషన్ కనిపిస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు, మీ పాన్ హెచ్‌ఆర్ దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది కదా. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే డైరెక్టర్ల పేర్లు పబ్లిక్ రికార్డే.

నన్నడిగితే మీకు అసలు రిస్క్ క్లాజ్ కంటే కోడ్ దగ్గర ఉంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి ఓనర్ కంపెనీయే. మీ పని టెస్టింగ్, యాప్ క్లినిక్‌లది, కాబట్టి ఉద్యోగంలో భాగం కాదు అని గట్టిగా వాదించొచ్చు, అది మీకు ప్లస్సే. కానీ ఒక్కసారి ఆఫీస్ లాప్‌టాప్‌లో ఓపెన్ చేశారా, ఆఫీస్ మెయిల్‌కి ఒక ఫైల్ పంపుకున్నారా, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి కోడ్ అప్‌లోడ్ చేసినట్టు గిట్‌లో (కోడ్ మార్పుల్ని రికార్డు చేసే టూల్) టైమ్ పడిందా, ఆ వాదన పలచబడిపోతుంది. లెటర్‌లో "సర్వీసులో ఉండగా తయారుచేసినవన్నీ కంపెనీవే" లాంటి లైన్ ఉందేమో కూడా చూడండి, చాలామంది జీతం పేజీ చదివి మిగతావి తిప్పేస్తారు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే, డాక్టర్ల దగ్గర రూపాయి తీసుకోకముందే మేనేజర్‌ని, హెచ్‌ఆర్‌ని కలిపి ఒక మెయిల్ పెట్టండి. కథలొద్దు. "క్లినిక్‌ల అపాయింట్‌మెంట్ల యాప్ ఒకటి సొంతంగా చేసుకున్నాను, ఇది మన కంపెనీ వ్యాపారానికి పోటీ కాదు, ఆఫీస్ టైమ్, సిస్టమ్, డేటా, క్లయింట్లు ఏవీ వాడలేదు, వాడను, అలాగే యాప్ హక్కులు నావేనని కన్ఫర్మ్ చేస్తూ అనుమతి ఇవ్వగలరు" అంటే చాలు. కారిడార్‌లో మేనేజర్ "ఆ చేస్కోవయ్యా" అన్నది అనుమతి కాదు, ఆయన మారిపోతే దానికి సాక్ష్యం ఉండదు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కూడా కాదు, మళ్ళీ అడగాలి. వచ్చిన జవాబుని పర్సనల్‌గా ఒక కాపీ ఉంచుకోండి.

ఇదంతా ప్రైవేటు ఉద్యోగుల సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే 1964 ప్రవర్తనా నియమాల్లో రూల్ 15 ప్రకారం వ్యాపారానికి ముందస్తు అనుమతి తప్పనిసరి, ఇంట్లోవాళ్ళు వ్యాపారం చేస్తున్నా తెలియజేయాలి.

ట్యాక్స్ గురించి అడగలేదు గానీ, జీతంలో టీడీఎస్ కట్ అవుతుంది కదా అని ఊరుకోకండి, బిజినెస్ ఆదాయం ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-1 పనికిరాదు, 3 గానీ 4 గానీ వెయ్యాలి. సర్వీసులకి మామూలుగా ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే జీఎస్టీ, మీ జీతం ఆ లెక్కలోకి రాదు.

కంపెనీ అనుమతి ఇవ్వను అంటే? అప్పుడు బిజినెస్సా ఉద్యోగమా తేల్చుకోవాలి. మానేసి పెట్టుకుంటే మాత్రం మీ ఫ్రెండ్ చెప్పిన సెక్షన్ 27 అప్పుడు మీ పక్షానే ఉంటుంది, కంపెనీ కోడ్, క్లయింట్ల డేటా చేతిలో పట్టుకుని బయటికి రానంతవరకు.