సమాధానం: ఉహాదిలో ఒకే మోత వస్తోందంటే

దక్షిణాఫ్రికా ఖోసా ప్రజల ఉహాదిని, అంటే సొరకాయ బుర్ర కట్టిన ఒంటితీగ వాయిద్యపు విల్లును చూసి అలాంటిదే చేసుకున్నానని, సన్నపుల్లతో ఎంత కొట్టినా ఒకే మోత తప్ప పాట రావడం లేదని రాశారు. విల్లులో లోపం ఉండకపోవచ్చు. సొరకాయ బుర్రను మీరు ఎలా పట్టుకుంటున్నారన్నదే నా అనుమానం.

విల్లు నిలువుగా, బుర్ర నోరు మీ ఛాతీ వైపు ఉండాలి. ఛాతీకి ఆనిస్తే పై స్వరాలు అణగిపోతాయి. తీగ కొడుతూనే బుర్రను మెల్లగా ఎడం చేయండి, మూల స్వరంలో దాగిన అనుస్వరాలు, అంటే దానితో పాటే సన్నగా మోగే ఆ పై స్వరాలు, ఒక్కొక్కటే పైకి తేలతాయి. పాట నడిచేది వాటి మీదే. తొందరపడకండి, మొదట్లో అవి చెవికి ఆనవు, నాకూ అంతే.

ఇక రెండో మూల స్వరం. విల్లు పట్టుకున్న ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో తీగను కింది కొస దగ్గర గిల్లినట్టు పట్టండి. శ్రుతి సుమారు ఒక స్వరం పెరుగుతుంది. వదలడం, పట్టడం, అంతే.

బుర్రకూ కర్రకూ మధ్య గుడ్డ మడత పెట్టారా? నేరుగా తగిలితే గరగరమంటుంది. 2022లో కన్నుమూసిన ఉహాది కళాకారిణి మడోసిని వాయించిన వీడియోలు దొరికితే ఆమె ఎడమచేతినే చూడండి.